మేడమీది తివాచీ యంత్రం

శనివారం పొద్దున పుట్టింటికి బయలుదేరుతూ మహ్‌లఖా భర్తకి ఒకే ఒక్క పని అప్పగించింది. ముందుగదిలోని తివాచీని చుట్టి, పది గంటల లోపల, బజారు వెనకున్న ఉతికే దుకాణంలో ఇచ్చి రావాలి. ఇరాన్ వాళ్ళ కొత్త సంవత్సరం నౌరోజ్ వచ్చే శుక్రవారమే. కాషాన్‌లో ఏ ఇల్లు చూసినా దులుపుళ్ళే, ఏ పిట్టగోడ చూసినా తడి బట్టలే. తివాచీలు ఉతికేవాళ్ళు ఫోన్లు ఎత్తడం కూడా మానేశారు. మహ్‌లఖా తెలిసినవాళ్ళ చేత చెప్పించి, వాళ్ళ చేత ఇంకొకరికి చెప్పించి, ఆ ఒక్క తివాచీకి చోటు సంపాదించింది.

"పది దాటితే వాడు తీసుకోడు. గుర్తుంటుందా?"

"ఉంటుంది."

"చీటీ ఇస్తాడు. కోటు జేబులో పెట్టుకో. ఆ కోటు విప్పి ఎక్కడా వదిలెయ్యకు."

"నేనేం చిన్నపిల్లాణ్ణా, మహ్‌లఖా జాన్?"

ఆమె వంటింటి కప్పు వైపు ఒకసారి చూసి, సంచీ అందుకుని మెట్లు దిగింది. ఆ కప్పు నిండా లేత ఎరుపు చుక్కలున్నాయి. రెండేళ్ళ కిందట ఫరామర్జ్ దానిమ్మ గింజలు ఒలిచే యంత్రం కనిపెట్టాడు. అది ఒక్కసారే తిరిగింది.

ఫరామర్జ్ ముప్ఫయ్యేళ్ళపాటు మగపిల్లల బడిలో సైన్సు ప్రయోగశాల చూసుకున్నాడు. పోయినేడు పదవీ విరమణ చేశాడు. బడిలో ఉన్నన్నాళ్ళూ విరిగినవి, కాలినవి, పగిలినవి రోజూ చేతికి వచ్చేవి. ఇంట్లో అన్నీ సవ్యంగా పనిచేస్తుంటే ఆయనకి ఊపిరాడేది కాదు. అందుకే మేడమీద గదిలో పాత సామాన్లు పోగేశాడు. చచ్చిన వాషింగ్ మెషీన్ ఒకటి, పిల్లల తోపుడుబండి ఒకటి, ఊపిరి ఉన్న వాక్యూమ్ క్లీనర్ ఒకటి, నేల రుద్దే గుండ్రటి బ్రష్షులు మూడు. వాటిని చూసినప్పుడల్లా అవన్నీ ఒకే కుటుంబం మనుషులనీ, ఎవరో విడదీశారనీ ఆయనకి అనిపించేది.

ఇక తివాచీ సంగతి. అది మహ్‌లఖా తల్లి బీబీ జాన్ స్వయంగా నేసింది. ఎర్రటి నేల, ముదురు నీలం అంచు, నడుమ పెద్ద పతకం, నాలుగు మూలలా తీగలు. రెండు చలికాలాలు, రెండు ఎండాకాలాలు మగ్గం ముందు కూర్చుని ముడి మీద ముడి వేసింది. చివర్లో ఒక మూలకి వచ్చేసరికి ఆకుపచ్చ దారం అయిపోయింది. ఉన్న పసుపు దారంతోనే ఒక ఆకు నేసేసింది. ఆ తివాచీ మీద ఆ ఒక్క ఆకూ పండుటాకు. ఆవిడకిప్పుడు ఎనభై రెండేళ్ళు. పండగ మూడో రోజున కూతురింటికి వస్తుంది. వచ్చీ రాగానే చెప్పులు విప్పి, తివాచీ మీద అరచెయ్యి ఆనించి, అప్పుడు గాని మనుషుల్ని పలకరించదు.

అలాంటిదాన్ని తీసుకెళ్ళి మూడు వందల తివాచీల గుట్టలో పడేసి రావడానికి ఫరామర్జ్‌కి మనసొప్పలేదు. ఆ దుకాణాలవాళ్ళు హడావిడిలో ఒకరి తివాచీ ఇంకొకరికి అంటగడతారని ఆయన గట్టి నమ్మకం. తొమ్మిదిన్నరకి తివాచీ చుట్టి భుజానికెత్తుకున్నాడు. గుమ్మం దాటాడు. కిందికి వెళ్ళే మెట్లున్నాయి, పైకి వెళ్ళే మెట్లున్నాయి. ఒక క్షణం ఆగాడు. పైకి వెళ్ళాడు.

ఆ రోజంతా, మర్నాడు పొద్దుటి వరకూ మేడమీద సుత్తి చప్పుడు ఆగలేదు. ఆదివారం పది గంటలకి యంత్రం సిద్ధమైంది. తోపుడుబండి చక్రాల మీద వాషింగ్ మెషీన్ మోటారు, దాని కింద మూడు బ్రష్షులు, పైన సబ్బునీళ్ళ డబ్బా, వెనక నీళ్ళు పీల్చే గొట్టం. ఒకళ్ళు మోయలేనంత బరువు. ఫరామర్జ్ తివాచీని మేడ నడుమ పరిచి, డబ్బాలో సబ్బుపొడి పోశాడు. ఎంత పొయ్యాలో తెలియలేదు. తక్కువైతే మురికి పోదేమోనని పొట్లం మొత్తం పోసి, మీట నొక్కాడు.

మూడు బ్రష్షులూ ఒకే వైపు తిరిగితే యంత్రం నిలబడదన్న సంగతి అప్పుడు గాని తెలియలేదు. అది పగ్గం తెంపుకున్న గిత్తలా మేడంతా పరుగు తీసింది. పిడి వదిలితే ఎక్కడ పిట్టగోడ దూకుతుందోనని ఫరామర్జ్ వదల్లేదు. నాలుగు చుట్లు తిరిగాక తీగ చాలక, ప్లగ్గు దానంతటదే ఊడి యంత్రం ఆగింది. ఆయన కూర్చుని ఊపిరి పీల్చుకుని, ఒక బ్రష్షుని తిప్పి బిగించాడు. ఈసారి యంత్రం పెంపుడు గొర్రెలా చెప్పినచోటికల్లా వచ్చింది. దాని వెనక తివాచీ ఎరుపు అరచెయ్యి వెడల్పున మెరుస్తూ బయటపడింది. ఆయన కళ్ళు చెమర్చాయి. అది ఆనందం వల్ల కొంత, సబ్బు వల్ల కొంత.

ఆ ఆనందంలో ఆయన నురగ ఎటు పోతోందో చూడలేదు. నురగ తూము దారి పట్టింది. తూము కింద మొదటి అంతస్తు బాల్కనీ ఉంది. ఆ బాల్కనీ కమ్మీ మీద ఇఫ్తెఖార్ ఖానుమ్ తన తివాచీని గాలికి ఆరేసుకుంది.

ఇఫ్తెఖార్ ఖానుమ్ ఆడపిల్లల బడికి పాతికేళ్ళు ప్రధానోపాధ్యాయురాలు. డెబ్భై దాటినా నడుం వంగలేదు, గొంతూ వంగలేదు. ఒంటరి మనిషి. మూడంతస్తులెక్కి మేడ మీదికి వచ్చేసరికి ఫరామర్జ్ తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"ఆగా ఫరామర్జ్, పైన మంచు కురుస్తోందా?" అని అడిగింది ఆవిడ, ఆగా అన్న గౌరవపు పిలుపు మాత్రం తప్పకుండా.

"క్షమించాలి ఇఫ్తెఖార్ ఖానుమ్. నురగ కొంచెం ఎక్కువైంది."

"కొంచెమే. నా తివాచీ కనబడ్డం లేదు, అంతే."

"ఇలా ఇప్పించండి, నేనే శుభ్రంగా ఉతికిస్తాను."

"అయ్యో, మీకెందుకు శ్రమ."

"శ్రమేముంది, మీరు ఇవ్వడమే నా భాగ్యం."

"పండగ పనులుంటాయి మీకు. వద్దులెండి."

"మీరు ఇవ్వకపోతే నా మనసు నొచ్చుకుంటుంది."

ఆ ఊరి మర్యాద ప్రకారం ఇచ్చేవాళ్ళు మూడుసార్లు ఇస్తామనాలి, పుచ్చుకునేవాళ్ళు మూడుసార్లు వద్దనాలి. ఆ తర్వాత ఇద్దరూ తృప్తిగా ఎవరిళ్ళకి వాళ్ళు పోవాలి. ఫరామర్జ్ తన మూడోది చెప్పేసి, ఆవిడ మూడో వద్దు కోసం వినయంగా తలవంచి నిలబడ్డాడు.

"సరే అయితే, కిందికొచ్చి తీసుకెళ్ళండి," అంది ఇఫ్తెఖార్ ఖానుమ్.

ఆ తివాచీ కూడా చేతినేతే. ఎర్రటి నేల, నీలం అంచు, నడుమ పతకం. కాషాన్‌లో నూటికి డెబ్భై ఇళ్ళలో నేల మీద అదే ఉంటుంది. ఫరామర్జ్ దాన్ని పైకి మోసుకొచ్చి పని మొదలుపెట్టాడో లేదో, మెట్ల మీద ఇంకో అడుగుల చప్పుడు వినిపించింది. ఈసారి జర్రాబీ. కింది అంతస్తులో ఉంటాడు. భవనం బాగోగులు చూసే బాధ్యత ఆయనది. ఆ బాధ్యతలో ఆయనకి బాగా ఇష్టమైన భాగం గోడకి ప్రకటనలు అంటించడం.

"నీళ్ళ మోటారు కాలిపోతోందని పరిగెత్తుకొచ్చాను," అన్నాడు జర్రాబీ రొప్పుతూ. యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. రెండు తివాచీలకేసి చూశాడు. "ఈ యంత్రం ఎవరిది ఆగా ఫరామర్జ్? ఇఫ్తెఖార్ ఖానుమ్‌ది కూడా ఉతుకుతున్నారే. భవనంలో అందరికీనా?"

ఫరామర్జ్ నాలుక అలవాటుగా పలికింది. "నాదనేముంది ఆగా జర్రాబీ, మీ అందరిదీ."

మర్యాదకి అన్న మాట ఎవరైనా మర్యాదకే వింటారు. జర్రాబీ నిర్వాహకుడు కాబట్టి తీర్మానంలా విన్నాడు. "మంచి పని చేశారు. నాకు ముందే చెప్పాల్సింది," అని గబగబా దిగిపోయాడు. పావుగంటలో వీధి తలుపు మీద కాగితం వెలిసింది. "నౌరోజ్ శుభాకాంక్షలు. భవన నిర్వాహకుల కృషితో మేడమీద తివాచీలు ఉతికే ఏర్పాటు జరిగింది. సోమవారం మధ్యాహ్నం వరకు ఇవ్వవచ్చును." కాగితం లోపలివైపు అంటించి ఉంటే నాలుగు కుటుంబాలతో పోయేది. ఆయన వీధి వైపు అంటించాడు.

సోమవారం మధ్యాహ్నానికి మేడమీద పదకొండు తివాచీలు తేలాయి. జర్రాబీది, ఎదురింటివాళ్ళవి, రొట్టెల దుకాణం వాడివి, ఎదురింటివాళ్ళ వియ్యాలవారివి. అందరూ ఒకటే మాట. "ఎంత మంచి మనసండీ మీది, మీ చెయ్యి చల్లగుండ." అలా అన్నవాళ్ళకి లేదని చెప్పే విద్య ఫరామర్జ్ ఏ బడిలోనూ నేర్చుకోలేదు. కాగితం ముక్కల మీద ఒక్కొక్కరి పేరూ అందంగా రాసి, పిన్నీసుతో ఒక్కో తివాచీ కుచ్చులకి గుచ్చాడు. ఆ తర్వాత నడుం ఎత్తకుండా ఉతికాడు. రెండోనాటికి ఆయన చేతులు, యంత్రం ఆగిన తర్వాత కూడా, టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతూనే ఉండేవి.

బుధవారానికి కాషాన్ ఎడారి గాలి తివాచీలన్నిటినీ కరకరలాడేలా ఆరబెట్టింది. ఫరామర్జ్ మొదటి పిన్నీసు దగ్గరికి వంగి చూశాడు. పిన్నీసు ఉంది, కాగితం ఉంది. దాని మీద పేరుండాల్సిన చోట లేత నీలం మబ్బు ఉంది. రెండోది చూశాడు. అదీ మబ్బే. పదకొండు మబ్బులూ లెక్కపెట్టి, పిట్టగోడ నీడలో కాసేపు కూర్చుండిపోయాడు.

అయినా ధైర్యం పోలేదు. నాలుగింటిని చూడగానే గుర్తుపట్టాడు. మిగతా ఏడూ ఒకే తల్లి పిల్లలు. ఎర్రటి నేల, నీలం అంచు. తమది మాత్రం ఎలాగూ తెలుస్తుంది కదా అని మూలలు తిరగేసి చూసుకుంటూ వెళ్ళాడు. పొద్దువాలే వెలుగులో ఒకదాని మూల పసుపుగా కనిపించింది. "వచ్చావా తల్లీ," అని దాన్ని ముందు కిందికి తెచ్చి ముందుగదిలో పరిచేశాడు. ప్రాణం కుదుటపడింది. మిగతా ఆరింటినీ బరువుని బట్టి, వాసనని బట్టి, కొంత ఆ దేవుడి మీద భారం వేసి, గడప గడపకీ మోసి ఇచ్చి వచ్చాడు. ఇచ్చినవాడి ఎదుట విప్పి చూసుకోవడం అనుమానించినట్టు ఉంటుంది. అందుకని ఎవరూ విప్పలేదు. అందరూ దీవించారు.

గురువారం సాయంత్రం మహ్‌లఖా వచ్చింది. సంచీ కింద పెట్టకుండానే తివాచీ చూసి ఆగిపోయింది. "ఎంత బాగా ఉతికాడు. వాడి చేతిలో ఏదో ఉంది సుమా," అంది. ఉతికిందెవరో చెప్పడానికి ఫరామర్జ్ గొంతు సవరించుకునే లోపల, ఆమె తల్లిలాగే వంగి మూల మీద చెయ్యి ఆనించింది. చెయ్యి అక్కడే ఆగింది. వేలితో గీకింది. వాసన చూసింది.

"ఫరామర్జ్, ఇది ఆకు కాదు."

"ఆకే. పసుపు ఆకు."

"కుంకుమపువ్వు మరక. ఎవరో పాయసం ఒలకబోసుకున్నారు. ఆకు ఇక్కడుంది చూడు, ఆకుపచ్చగా."

ఫరామర్జ్ కూడా వంగి చూశాడు. "బాగా ఉతికేసరికి అసలు రంగు తేలిందేమో."

మహ్‌లఖా తివాచీ మూల తిరగేసింది. వెనక ముడుల బదులు జిగురు పూసిన గుడ్డ ఉంది. ఫ్యాక్టరీ సరుకు. ఆమె నెమ్మదిగా లేచి నిలబడింది. "ఆగా ఫరామర్జ్, చీటీ చూపిస్తారా?" అని అడిగింది. వాళ్ళ పెళ్ళైన దగ్గర్నుంచీ ఆమె ఆయన్ని మీరు అన్నది ఐదారుసార్లే. ఒకటి దానిమ్మకాయల రోజున.

ఆయన మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. బ్రష్షుని తిప్పి బిగించిన ఘట్టం కొంచెం వివరంగా చెప్పాడు. మహ్‌లఖా గోడకి ఆనుకుని విన్నది.

"అయితే మా అమ్మ తివాచీ ఈ వీధిలో ఏడిళ్ళలో ఎక్కడుందో తెలియదు."

"ఆరిళ్ళలో," అన్నాడు ఫరామర్జ్. "ఒకటి మన దగ్గరే ఉందిగా."

"వెళ్ళి అడుగు."

"ఏమని? పండగ ముందు మీ ఇంట్లో ఎవరిదో తివాచీ పరిచి వచ్చానని ఎలా చెప్పను? మెట్లమీద ఎదురుపడి ఎలా బతకను?"

మహ్‌లఖాకి కోపం ఎంత ఉన్నా ఆ మాట కాదనలేకపోయింది. పండగ పలకరింపులకి ఎలాగూ ఇంటింటికీ వెళ్ళాలి. వెళ్ళినచోటల్లా మూలలు చూద్దామని తేల్చుకున్నారు. ఆదివారానికి బీబీ జాన్ వస్తుంది. మధ్యలో ఉన్నది రెండు రోజులు.

శుక్రవారం మధ్యాహ్నం కొత్త సంవత్సరం అడుగుపెట్టింది. సాయంత్రం, అందరికన్నా పెద్దావిడ కాబట్టి, ముందుగా ఇఫ్తెఖార్ ఖానుమ్ ఇంటికి వెళ్ళారు. ఆవిడ టీ పోసింది, పిస్తాలు పెట్టింది. మహ్‌లఖా ఒక పిస్తాని జారవిడిచింది. అది తీయడానికి వంగి, బల్ల కిందికి దూరి, ఉండవలసినదానికన్నా ఎక్కువసేపు అక్కడే ఉంది. లేచేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. ఫరామర్జ్ వైపు తిరిగి కళ్ళతోనే చెప్పింది. బల్ల కోడు పక్కన, మూల మీద, పండుటాకు.

"మీరు ఉతికాక నా తివాచీ కళే మారిపోయింది. నాదేనా అనిపించింది," అంది ఇఫ్తెఖార్ ఖానుమ్, ఇద్దరికేసీ చూస్తూ.

ఫరామర్జ్‌కి టీ అడ్డం పడింది.

శనివారం పొద్దున జర్రాబీ భార్యాసమేతంగా వీళ్ళింటికి వచ్చాడు. మామూలుగా ఆయన ఎవరింటికి వచ్చినా గోడల పగుళ్ళు, కుళాయి చుక్కలు చూసి గాని కూర్చోడు. ఆ పూట గుమ్మంలో తివాచీ చూడగానే నేల వైపు చూడడం మానేశాడు. తిన్నగా వెళ్ళి కుంకుమపువ్వు మరక మీద పాదం పెట్టుకుని కూర్చున్నాడు. ఉన్నంతసేపూ ఆ పాదం కదల్లేదు. వాతావరణం గురించే మాట్లాడాడు. రెండో టీ వద్దన్నాడు. వెళ్ళాక మహ్‌లఖా తలుపు మూసి దానికి ఆనుకుంది.

"మన దగ్గరున్నది వాళ్ళది. వాళ్ళకి తెలుసు. అయినా నోరు మెదపలేదు."

"పాపం, మర్యాదస్తుడు," అన్నాడు ఫరామర్జ్.

"మర్యాద కాదు. వాళ్ళింట్లో పడింది ఇఫ్తెఖార్ ఖానుమ్ చేతినేత తివాచీ అయ్యుంటుంది. ఫ్యాక్టరీది ఇచ్చి చేతినేతది పుచ్చుకున్నవాడు ఎందుకు మాట్లాడతాడు?" ఆమె ఒక పళ్ళెంలో తను చేసిన శనగపిండి మిఠాయి సర్దింది. "ఇది పట్టుకుని మొదటి అంతస్తుకి వెళ్ళు. తివాచీని పొగుడు. ఎవరు ఏది పొగిడినా 'మీదే అనుకోండి, తీసుకెళ్ళండి' అనాలిగా. ఆవిడా అంటుంది."

"అంటుంది."

"నువ్వు సరే అని చుట్టి తెచ్చెయ్యి."

ఫరామర్జ్ నిశ్చేష్టుడయ్యాడు. "మనుషులు అలా చెయ్యరు, మహ్‌లఖా జాన్."

"మనుషులు దానిమ్మకాయలకి మోటారు కూడా పెట్టరు. వెళ్ళు."

మొదటి అంతస్తు దాకా ఉన్న మెట్లు ఆ రోజు మరీ తక్కువనిపించాయి. ఇఫ్తెఖార్ ఖానుమ్ ఆయన్ని కూర్చోబెట్టి, పళ్ళెం అందుకుని, మహ్‌లఖా చేతివంటని మెచ్చుకుంది. టీ నీళ్ళు కాగే సమోవార్ సన్నగా బుసకొడుతోంది. ఫరామర్జ్ చేతిరుమాలుతో నుదురు తుడుచుకుని, ప్రయోగశాలలో ఆమ్లం సీసా పట్టుకున్నంత జాగ్రత్తగా మొదలుపెట్టాడు.

"ఇఫ్తెఖార్ ఖానుమ్, ఈ తివాచీ... చాలా అందంగా ఉంది."

"దానిదేముంది, మీదే అనుకోండి. తీసుకెళ్ళండి."

"సరే," అన్నాడు ఫరామర్జ్.

ఇఫ్తెఖార్ ఖానుమ్ కళ్ళజోడు సవరించుకుంది. పాతికేళ్ళలో ఆవిడ ఎందరి దొంగతనాలో పట్టుకుని ఉంటుంది గాని, ఇంత పద్ధతిగా, ఎదుట కూర్చుని చేసింది చూసి ఉండదు. ఫరామర్జ్ లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచి, బల్లని పక్కకి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ చుట్టడం మొదలుపెట్టాడు. చెవులు కాలిపోతున్నాయి. రెండు చుట్లు చుట్టాక చేతులు ఆగిపోయాయి.

"నావల్ల కాదు," అన్నాడు నేలకేసి చూస్తూ. "ఇది మాదండీ. మా అత్తగారు నేసింది. చీటీల మీద పేర్లు చెరిగిపోయాయి. పొరపాటున మీకిచ్చాను. చెప్పడానికి మొహం చెల్లలేదు. రేపు ఆవిడొస్తుంది."

ఇఫ్తెఖార్ ఖానుమ్ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని ఫరామర్జ్ కంగారుపడ్డాడు. ఆవిడ నవ్వుతోంది.

"మీదని నాకు మొదటి గంటలోనే తెలుసు, నాయనా. మీ ఇంటికి పాతికసార్లు వచ్చాను. ఆ పసుపు ఆకు పక్కనే కూర్చునేదాన్ని. నా తివాచీ మీ నురగలో పాడైపోయిందేమో, అది చెప్పలేక మీ ఇంట్లో మంచిది తెచ్చి నాకిచ్చారనుకున్నాను. మహ్‌లఖా తల్లి చేతి తివాచీ. నాకు మూడు రాత్రుల నుంచి నిద్ర లేదు. వెనక్కిస్తే మీరు చిన్నబుచ్చుకుంటారు, ఉంచుకుంటే నా మనసు ఊరుకోదు. నిన్న మీ ఆవిడ బల్ల కింద దూరి అంతసేపు ఉంటే, విడవలేక ఏడుస్తోందనుకున్నాను."

ఫరామర్జ్ కూడా నవ్వబోయాడు గాని ముందు కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఈసారి సబ్బు లేదు.

"మరి నాదెక్కడుంది?" అని అడిగింది ఆవిడ. జర్రాబీ పాదం సంగతి ఆయన చెప్పగానే ఇఫ్తెఖార్ ఖానుమ్ లేచి, తలగుడ్డ సర్దుకుని, కిందికి దిగింది. పావుగంటలో తిరిగొచ్చింది. వెనకే జర్రాబీ, భుజం మీద తివాచీతో, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా. "మీ తివాచీ చాలా అందంగా ఉంది అన్నాను. మీదే అనుకోండి అన్నారు. మంచి మనిషి," అని ఆవిడ వివరించింది. జర్రాబీ పైకి వెళ్ళి తన ఫ్యాక్టరీ తివాచీ తెచ్చుకుని, మరక మీద ఒకసారి చెయ్యి రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికి మిగతా నాలుగిళ్ళలోనూ అదే పద్ధతి అమలైంది. వీధిలో ఎవరు ఎదురైనా భుజం మీద ఒక తివాచీ, మొహం మీద ఒక చిరునవ్వు.

అంతా సద్దుమణిగాక ఇఫ్తెఖార్ ఖానుమ్, తన తివాచీ తన నేల మీద చూసుకుంటూ అంది. "ఏమాటకామాట చెప్పాలి. ఎంత శుభ్రంగా ఉతికింది మీ యంత్రం. నా పాత శిష్యురాళ్ళు కొందరు కలిసి నేత గది పెట్టుకున్నారు. నెయ్యడం వచ్చు గాని, నేసినదాన్ని ఉతకడం దగ్గర నడుములు పడిపోతున్నాయి పాపం. అబ్బ, అద్భుతమైన యంత్రం ఆగా ఫరామర్జ్."

తివాచీ దొరికిన సంతోషంలో ఉన్నాడు ఫరామర్జ్. ఆయన మనసు ఇంకా ఆ మాట వింటూండగానే నాలుక తన పని తాను చేసేసింది.

"దానిదేముందండీ, మీదే అనుకోండి. తీసుకెళ్ళండి."

"సరే," అంది ఇఫ్తెఖార్ ఖానుమ్. "మూడుసార్లు వద్దనాలి నిజానికి. మధ్యాహ్నం మీరే కొత్త పద్ధతి చూపించారు. నాకు నచ్చింది."

ఆయన ఆ వార్త ఇంట్లో ఎలా చెప్పాలా అని మెట్లన్నీ ఆలోచిస్తూ ఎక్కాడు. చెప్పాక మహ్‌లఖా కాసేపు తివాచీ మీద కూర్చుని పండుటాకుని వేళ్ళతో నిమిరింది. తర్వాత, "రాత్రికేం వండమంటావు?" అని అడిగింది. పండగకి వండిందే మిగిలి ఉండగా ఆమె అలా అడగడం ఫరామర్జ్‌కి కొంచెం వింతగా తోచింది.

ఆదివారం పొద్దున నేత గది నుంచి నలుగురు మనుషులొచ్చారు. యంత్రం మెట్ల మలుపుల్లో ఎన్నిసార్లు ఇరుక్కుందో లెక్కలేదు. ఫరామర్జ్ వెనకే దిగుతూ, ఏ బ్రష్షు ఎటు తిరగాలో, సబ్బుపొడి ఎంత పొయ్యకూడదో చెబుతూనే ఉన్నాడు. రెండో అంతస్తు దగ్గర మోసేవాళ్ళు అలిసిపోతే, మహ్‌లఖా చేతులు పైకి మడుచుకుని తనూ ఒక చెయ్యి వేసింది.

సరిగ్గా ఆ మలుపులోనే బీబీ జాన్ ఎదురైంది. మధ్యాహ్నం వస్తానన్న మనిషి పొద్దున్నే వచ్చేసింది. కర్ర ఊతంగా గోడకి ఒదిగి నిలబడి, నాలుగు చక్రాలతో, తోక లాంటి గొట్టంతో తన ముందు నుంచి దిగిపోతున్న ఆ ఆకారాన్ని పై నుంచి కింద దాకా చూసింది.

"ఎవరే అది?"

"పండక్కొచ్చిన చుట్టమమ్మా. వెళ్ళిపోతున్నారు," అంది మహ్‌లఖా.

ఇంకాసేపు ఉండమని మాత్రం ఆమె అనలేదు.